పాస్‌వర్డ్ మార్చే ముందు లాగ్ చూడండి

కంప్యూటర్ సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో చాలావరకు మెయిల్ లాగిన్ గొడవలే. ఊళ్లు వేరు, మాట ఒకటే: "పాస్‌వర్డ్ కరెక్టే, అయినా లోపలికి రానియ్యట్లేదు." వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. లాగ్ అంటే సర్వర్ తన పనులన్నీ వరుసగా రాసుకునే చిట్టా. కమాండ్లు, ఫైళ్ల పేర్లు తెలుగు లిపిలో వేశాం. సర్వర్ ముందు కూర్చున్నప్పుడు వాటిని ఇంగ్లిషులోనే కొట్టాలి.

ప్రశ్న: మాది రైస్ మిల్లు. ఆఫీసులో ఏడు కంప్యూటర్లు, ఒకటే బ్రాడ్‌బ్యాండ్. మెయిల్ సర్వర్ అద్దెకు తీసుకున్న వీపీఎస్ (ఇంటర్నెట్‌లోని వర్చువల్ సర్వర్) మీద ఉంది, మెయిల్ పంపే పోస్ట్‌ఫిక్స్, చదివించే డొవ్‌కాట్ నడుస్తున్నాయి. పొద్దున పదకొండు దాటాక అందరి మెయిలూ ఒక్కసారే ఆగిపోతుంది. పది నిమిషాలకు దానంతట అదే వస్తుంది, కాసేపటికి మళ్లీ పోతుంది. అదే టైంలో ఫోన్‌లో మొబైల్ డేటా మీద చూస్తే బాగానే ఉంటుంది. లెక్కలు చూసే అబ్బాయి పాస్‌వర్డ్ రెండుసార్లు మార్చాం. మార్చాక ఇంకా ఎక్కువైంది.
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మీ ఉత్తరంలోనే సగం జవాబుంది. పది నిమిషాలు, అందరికీ ఒకేసారి, మొబైల్ డేటాకు ఏమీ కాదు. ఈ మూడూ కలిస్తే అది ఫెయిల్‌2బ్యాన్ పనే, తప్పు లాగిన్‌లు చేసేవాళ్లను అడ్డుకునే సాఫ్ట్‌వేర్ అది. దాని మామూలు లెక్క ఇది: ఒకే ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) నుంచి పది నిమిషాల్లో ఐదు తప్పు ప్రయత్నాలు కనబడితే ఆ ఐపీని పది నిమిషాలు బయట నిలబెడుతుంది. మీ ఏడు కంప్యూటర్లకూ సర్వర్‌కు కనబడే ఐపీ ఒక్కటే. ఒక్క పరికరం పాత పాస్‌వర్డ్ కొడుతూ ఉంటే శిక్ష ఏడింటికీ పడుతుంది. మీరు పాస్‌వర్డ్ మార్చిన ప్రతిసారీ పాతదాన్ని పట్టుకుని తిరిగే పరికరాలు పెరిగాయి. ఇంకా ఎక్కువైందంటే కారణం అదే.

ముందు నిర్ధారణ చేసుకోండి. మెయిల్ ఆగి ఉన్న సమయంలోనే సర్వర్‌లోకి మొబైల్ హాట్‌స్పాట్ మీద ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి కమాండ్లు కొట్టే దారి) ద్వారా వెళ్లి "ఫెయిల్‌2బ్యాన్-క్లయింట్ స్టేటస్ డొవ్‌కాట్" కొట్టండి. చివరి వరుసలో నిషేధంలో ఉన్న ఐపీలు వస్తాయి. అందులో మీ ఆఫీసు ఐపీ లేకపోతే "స్టేటస్ పోస్ట్‌ఫిక్స్-సాసల్" కూడా చూడండి, రెండూ వేర్వేరు జైళ్లు, అంటే ఒక్కో సర్వీసుకు వేరుగా ఉండే నిషేధ జాబితాలు. ఏ జైల్లో ఉందన్నది తెలిస్తే సగం వెతుకులాట తప్పుతుంది. డొవ్‌కాట్ జైల్లో ఉంటే తప్పు చేస్తున్నది మెయిల్ చదివే పరికరం, అంటే ఫోనో ఔట్‌లుకో. పోస్ట్‌ఫిక్స్ జైల్లో ఉంటే ఎక్కువసార్లు మెయిల్ పంపడం మాత్రమే తెలిసిన యంత్రం: స్కాన్ చేసి మెయిల్ కొట్టే ప్రింటర్, బిల్లులు పంపే సాఫ్ట్‌వేర్. ప్రింటర్ లోపల పాస్‌వర్డ్ ఉందన్న సంగతే చాలా ఆఫీసుల్లో ఎవరికీ గుర్తుండదు.

తర్వాత లాగ్. ఉబుంటు అనే లినక్స్‌లో వార్ కింద లాగ్ ఫోల్డర్‌లో మెయిల్.లాగ్, ఆల్మాలినక్స్ లాంటివాటిలో మెయిల్‌లాగ్. డెబియన్ 12 మొదలు ఆ ఫైలు మామూలుగా ఉండదు, "జర్నల్‌సీటీఎల్ -యు డొవ్‌కాట్" కొట్టాలి. "ఆథ్ ఫెయిల్డ్" అన్న వరుసలో యూజర్ అన్నచోట ఏ అకౌంటో, ఆర్‌ఐపీ అన్నచోట ఏ ఐపీ నుంచో ఉంటుంది. అకౌంట్ తెలిశాక ఆ మనిషిని అడగండి, మెయిల్ ఎన్ని చోట్ల పెట్టుకున్నావని. పదకొండుకే మొదలవుతోందంటే పదకొండుకు ఆఫీసులో అడుగుపెట్టేది ఎవరో చూడండి. ఆ ఫోన్ మిల్లు వైఫై పట్టుకోగానే పాత పాస్‌వర్డ్ కొట్టడం మొదలుపెడుతుంది.

పరికరాన్ని సరిచేశాక "ఫెయిల్‌2బ్యాన్-క్లయింట్ సెట్ డొవ్‌కాట్ అన్‌బ్యాన్‌ఐపీ" అని రాసి పక్కన ఐపీ ఇస్తే వెంటనే వదిలేస్తుంది. మీకు స్టాటిక్ ఐపీ (మారని ఐపీ) ఉంటే జైల్.లోకల్ ఫైల్లో ఇగ్నోర్‌ఐపీ (నిషేధించకూడని ఐపీలు) వరుసలో చేర్చవచ్చు. జైల్.కాన్ఫ్‌ను ముట్టుకోవద్దు, ప్యాకేజీ అప్‌డేట్ వచ్చినప్పుడు మీ మార్పు చెరిగిపోవచ్చు. ఐపీ రోజూ మారే కనెక్షనైతే ఇగ్నోర్‌ఐపీ జోలికి పోకండి. మీ పాత ఐపీ రేపు ఇంకెవరి చేతికో పోతుంది, వాళ్లకు మీ సర్వర్ మీద ఎన్నిసార్లయినా పాస్‌వర్డ్ ఊహించే హక్కు మీరే ఇచ్చినట్టవుతుంది. అలాంటి చోట మ్యాక్స్‌రిట్రైని, అంటే తప్పు ప్రయత్నాల హద్దును, 5 నుంచి 10కి పెంచుకోవడం మేలు. ఇకమీదట పాస్‌వర్డ్ మార్చాల్సివస్తే ముందు ఆ అకౌంట్ ఉన్న పరికరాలన్నీ కాగితం మీద రాసుకుని, అన్నింటిలో మెయిల్ ఆపి, అప్పుడు మార్చండి.

ప్రశ్న: మా షాపులో మూడు కంప్యూటర్లలో ఒకే ఆర్డర్ల మెయిల్ ఐడీ థండర్‌బర్డ్‌లో పెట్టుకున్నాం. రెండింటికి వస్తుంది, మూడోదానికి లాగిన్ కావట్లేదు. ఒకటి మూసేస్తే మూడోది వస్తుంది. మూడింటిలోనూ పాస్‌వర్డ్ ఒకటే.
– సూర్యాపేట

జవాబు: థండర్‌బర్డ్ ఒక్కో అకౌంటుకు ఐదు దాకా కనెక్షన్లు తెరిచి పెట్టుకుంటుంది. డొవ్‌కాట్ ఒక యూజర్‌కు ఒక ఐపీ నుంచి మామూలుగా పది ఇమాప్ (మెయిల్ చదివే పద్ధతి) కనెక్షన్లే ఇస్తుంది. రెండు కంప్యూటర్లు కలిసి పదీ తినేశాయి. లాగ్‌లో "మ్యాక్సిమం నంబర్ ఆఫ్ కనెక్షన్స్" అన్న వరుస కనబడుతుంది. థండర్‌బర్డ్ అకౌంట్ సెట్టింగ్స్‌లో సర్వర్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్ నొక్కి ఆ ఐదును రెండు చేయండి, మూడు కంప్యూటర్లలోనూ. సర్వర్ మీ చేతిలో ఉంటే ఇమాప్ ప్రోటోకాల్ కింద మెయిల్_మ్యాక్స్_యూజర్‌ఐపీ_కనెక్షన్స్‌ను 30 చేసినా సరిపోతుంది.

ప్రశ్న: డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో పిల్లలకు నేర్పడానికి ఉబుంటు మీద పోస్ట్‌ఫిక్స్, డొవ్‌కాట్ వేశాం. యూజర్ పేర్లు హాల్‌టికెట్ నంబర్లే. మెయిల్ చదవడం వస్తోంది, పంపడం రావట్లేదు. పంపబోతే కనెక్షన్ తెగిపోతోంది. లాగ్‌లో "సాసల్: కనెక్ట్ టు ప్రైవేట్/ఆథ్ ఫెయిల్డ్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అని ఉంది. ఈ గొడవ రాకముందు చేత్తో పరీక్షిస్తే కొందరు పిల్లల అకౌంట్లకు 535 ఎర్రర్ వచ్చేది, ఔట్‌లుక్‌లో అవే అకౌంట్లు చదవడానికి తెరుచుకుంటున్నాయి.
– ల్యాబ్ ఇన్‌చార్జి, మహబూబ్‌నగర్

జవాబు: ఇవి రెండు వేర్వేరు తప్పులు. ఒక్కొక్కటిగా చూద్దాం.

పోస్ట్‌ఫిక్స్‌కు పాస్‌వర్డ్ సరిచూడటం రాదు. ఆ పని డొవ్‌కాట్‌కు అప్పజెప్పుతుంది. ఇద్దరూ మాట్లాడుకునేది ఒక సాకెట్ ఫైలు ద్వారా. ఆ ఫైలు అక్కడ లేదని మీ లాగ్ చెబుతోంది. ఉబుంటు, డెబియన్‌ల చాలా వెర్షన్లలో పోస్ట్‌ఫిక్స్ ఎస్‌ఎంటీపీ (మెయిల్ పంపే) ప్రాసెస్‌ను వార్/స్పూల్/పోస్ట్‌ఫిక్స్ అనే ఫోల్డర్ లోపల బంధించి నడుపుతారు. దానికి అదే ప్రపంచం, ఆ గోడ అవతల ఏముందో కనబడదు. కాబట్టి డొవ్‌కాట్ తన సాకెట్‌ను ఆ గోడ లోపలే పెట్టాలి. 10-మాస్టర్.కాన్ఫ్‌లో సర్వీస్ ఆథ్ బ్లాకు వెతకండి. అందులో యూనిక్స్_లిజనర్ వరుసకు ముందు హ్యాష్ గుర్తు ఉంటుంది, అది తీసేసి దారి /వార్/స్పూల్/పోస్ట్‌ఫిక్స్/ప్రైవేట్/ఆథ్ అని పూర్తిగా ఇవ్వండి. మోడ్ 0660, యూజర్ పోస్ట్‌ఫిక్స్, గ్రూప్ పోస్ట్‌ఫిక్స్. ముగింపు బ్రాకెట్ ముందు కూడా హ్యాష్ ఉంటుంది, దాన్ని తీయడం మరిచిపోతే డొవ్‌కాట్ లేవనే లేవదు.

ఇటువైపు మెయిన్.సీఎఫ్‌లో ఎస్‌ఎంటీపీడీ_సాసల్_టైప్ డొవ్‌కాట్, ఎస్‌ఎంటీపీడీ_సాసల్_పాత్ ప్రైవేట్/ఆథ్. ఇక్కడ పూర్తి దారి రాయకూడదు. రాస్తే గోడ లోపల మళ్లీ వార్, మళ్లీ స్పూల్ వెతికి, లేదని అదే ఎర్రర్ ఇస్తుంది. డొవ్‌కాట్ వైపు పూర్తి దారి, పోస్ట్‌ఫిక్స్ వైపు పొట్టి దారి. డొవ్‌కాట్ రీస్టార్ట్ చేసి, పోస్ట్‌ఫిక్స్ రీలోడ్ చేసి, "ఎల్‌ఎస్ -ఎల్" తో ఆ ఫోల్డర్ చూడండి. ఆథ్ పేరున్న వరుస మొదటి అక్షరం ఎస్ అయితే సాకెట్ పుట్టినట్టే. లాగ్‌లో "నో సచ్ ఫైల్" పోయి "పర్మిషన్ డినైడ్" వస్తే దారి కుదిరింది, యూజరో మోడో తప్పు.

మెయిల్ పంపే పరికరాలు వచ్చే 587 పోర్టు తెరవడానికి మాస్టర్.సీఎఫ్‌లో సబ్మిషన్ వరుస, దాని కింది "-ఓ" వరుసలు కూడా విప్పాలి. ఆ వరుసల ముందు ఖాళీ ఉండాలి, ఈక్వల్ గుర్తుకు అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు. మెయిన్.సీఎఫ్‌లో ఉండవచ్చు, ఇక్కడ వద్దు. పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

ఇప్పుడు 535. దాని అర్థం యూజరో పాస్‌వర్డో సరిపోలేదని. 530 వస్తే ముందు స్టార్ట్‌టీఎల్‌ఎస్ చేయమని, అంటే కనెక్షన్‌ను రహస్యంగా మార్చమని, అడుగుతోంది. 454 వస్తే సరిచూసేవాడే పలకట్లేదు, సర్వర్ లోపలి గోల. 554 రిలే యాక్సెస్ డినైడ్ వస్తే అసలు లాగినే జరగలేదు, బయటికి పంపే సర్వర్‌కు కూడా లాగిన్ కావాలి అన్న గుర్తు క్లయింట్‌లో (ఔట్‌లుక్ లాంటి మెయిల్ సాఫ్ట్‌వేర్‌లో) పెట్టలేదన్నమాట. నంబర్ చూడకుండా పాస్‌వర్డ్ ముట్టుకోవద్దని మేం మొత్తుకునేది ఇందుకే.

మీ దగ్గర ఆ అకౌంట్లు చదవడానికి తెరుచుకుంటున్నాయి కాబట్టి పాస్‌వర్డ్ మంచిదే, మీ పరీక్షలోనే లోపం. ఆథ్ ప్లెయిన్ అనే లాగిన్ కమాండుకు ఇచ్చే మాటలో మొదట ఒక సున్నా బైటు, తర్వాత యూజర్ పేరు, మళ్లీ సున్నా బైటు, తర్వాత పాస్‌వర్డ్ ఉండాలి. మొత్తాన్ని బేస్64 అనే అక్షరాల రూపంలోకి మార్చాలి. ఇంటర్నెట్‌లో చూసి ప్రింట్‌ఎఫ్‌లో \0 అని రాసి పక్కనే హాల్‌టికెట్ నంబర్ అతికించి ఉంటారు. నంబర్ 21తో మొదలైతే షెల్ \021 అని కలిపి చదివి దాన్నొక్క అక్షరంగా మింగేస్తుంది. 8తోనో 9తోనో మొదలైతే ఏమీ కాదు, ఎందుకంటే ఆక్టల్‌లో (ఎనిమిది అంకెల లెక్కలో) ఆ అంకెలు లేవు. అక్షరంతో మొదలైనా అంతే. అందుకే "కొందరికి" మాత్రమే 535. రెండు చోట్లా \000 అని మూడు సున్నాలు పెట్టండి, మూడు అంకెలు నిండాయి కాబట్టి తర్వాతి అంకెను ముట్టుకోదు. పాస్‌వర్డ్‌లో పర్సెంట్ గుర్తుంటే దాన్ని రెండుసార్లు రాయాలి. ఎకో వాడేవాళ్లు -ఎన్ మరిచిపోతే చివర కొత్త వరుస గుర్తు పాస్‌వర్డ్‌లో కలుస్తుంది, అది ఇంకో 535.

ఇంత తంటా వద్దనుకుంటే "డొవ్‌ఆడ్మ్ ఆథ్ టెస్ట్" పక్కన యూజర్ పేరిచ్చి ఎంటర్ కొట్టండి. పాస్‌వర్డ్ తనే అడుగుతుంది. సక్సీడెడ్ వస్తే డొవ్‌కాట్ వరకు బాగానే ఉంది, మిగతాది పోస్ట్‌ఫిక్స్‌లోనో క్లయింట్‌లోనో వెతకాలి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎస్_క్లయింట్‌తో 587కు వెళ్లి చేత్తో మెయిల్ పంపి చూపిస్తే పిల్లలకు బాగా అర్థమవుతుంది. ఒక్క జాగ్రత్త: అందులో పెద్ద ఆర్‌తో మొదలయ్యే వరుస కొడితే దాన్ని తనకిచ్చిన ఆజ్ఞ అనుకుని కనెక్షన్‌ను మళ్లీ బేరమాడుతుంది. మెయిల్ ఎవరికో చెప్పే ఆర్‌సీపీటీని చిన్న అక్షరాల్లో కొట్టండి, లేదా మొదట్లోనే -క్వైట్ పెట్టండి.

ప్రశ్న: కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆఫీసు మూలన ఉన్న మా పాత సర్వర్‌లో మెయిల్ లాగిన్ పోతుంది. అన్ని కంప్యూటర్లూ సర్టిఫికెట్ బాగాలేదంటాయి. ఓ అరగంటకు కొన్నిసార్లు సర్దుకుంటుంది.
– దేవరకొండ

జవాబు: సర్వర్‌లో "డేట్" కొట్టి చూడండి. ఏళ్ల కిందటి తారీఖు వస్తే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బటన్ సెల్ అయిపోయింది. కరెంటు పోగానే గడియారం వెనక్కి పోతుంది. వెనక్కి పోయిన గడియారంతో లేచిన సర్వర్‌లో లాగ్‌లు, వన్‌టైం కోడ్‌లు తప్పుతాయి. సర్టిఫికెట్ తారీఖును ఎదుటి కంప్యూటర్ తన గడియారంతోనే చూస్తుంది, కాబట్టి మీ కంప్యూటర్లు ఈ సర్వర్ నుంచే టైం తీసుకుంటుంటే అవీ సర్టిఫికెట్ బాగాలేదంటాయి. వన్‌టైం కోడ్‌లు 30 సెకన్ల లెక్క మీద నడుస్తాయి కాబట్టి వాటికి కొద్ది తేడా చాలు. అరగంటకు ఇంటర్నెట్ నుంచి టైం అందుకుని సర్దుకుంటోంది. మిషన్ ఆపి, ప్లగ్ పీకి, రాసి ఉన్న వైపు పైకి ఉండేలా కొత్త సెల్ పెట్టండి. గడియారం సరిచేసే క్రోనీ వేసి ఉంటే "క్రోనీసీ మేక్‌స్టెప్" తో గడియారం ఒక్క దూకులో సరైపోతుంది.

గడియారం సరిగానే ఉండి, అప్పటికీ సర్టిఫికెట్ గోల ఉంటే సంగతి వేరు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ (సర్టిఫికెట్లిచ్చే సంస్థ) సర్టిఫికెట్ గడువు 90 రోజులు. కొత్తది డిస్క్ మీదికి వచ్చినా డొవ్‌కాట్ మొదట చదువుకున్న పాతదాన్నే చూపిస్తూ ఉంటుంది. "డొవ్‌ఆడ్మ్ రీలోడ్" కొట్టాలి. సర్టిఫికెట్ తెచ్చే సర్ట్‌బాట్‌లో డిప్లాయ్ హుక్ కింద ఆ మాట ఒకసారి పెట్టేస్తే ఇక గుర్తుంచుకోనక్కర్లేదు. ఇలాంటప్పుడు లాగ్‌లో "ఆథ్ ఫెయిల్డ్" ఉండదు, "నో ఆథ్ అటెంప్ట్స్" ఉంటుంది. అంటే క్లయింట్ పాస్‌వర్డ్ చెప్పకముందే వెనక్కి తిరిగింది. ఆ మాట కనబడితే పాస్‌వర్డ్ జోలికి పోనేవద్దు.

ప్రశ్న: చేనేత చీరల వ్యాపారం మాది. పాత సర్వర్ నుంచి కొత్తదానికి మారాం. యూజర్ల పట్టిక మైఎస్‌క్యూఎల్‌లో ఉంది, అలాగే కాపీ చేశాం. సగం మంది లాగిన్ అవుతున్నారు, మిగతావాళ్లకు "పాస్‌వర్డ్ మిస్‌మ్యాచ్". అందరికీ కొత్త పాస్‌వర్డ్‌లు ఇవ్వడం తప్ప దారి లేదా? మా డీలర్లు తిడుతున్నారు.
– నారాయణపేట

జవాబు: పాత సర్వర్ ఇంకా తీసెయ్యలేదు కదా? ఉంటే పాస్‌వర్డ్‌లు మార్చనక్కర్లేదు.

పట్టికలో ఉన్నది పాస్‌వర్డ్ కాదు, దాని హ్యాష్, అంటే వెనక్కి తిప్పలేని రూపం. ఎస్‌హెచ్‌ఏ512-క్రిప్ట్ హ్యాష్ $6$ తో మొదలై 106 అక్షరాల దాకా ఉంటుంది. ముందు మీసాల బ్రాకెట్లలో పద్ధతి పేరు కూడా రాసి ఉంటే ఇంకో 14 కలిపి 120. కొత్త పట్టికలో ఆ గడిని వార్‌చార్ 100 అని పెట్టి, మైఎస్‌క్యూఎల్ స్ట్రిక్ట్ మోడ్‌లో లేకపోతే తోక కోసేసి చప్పుడు చేయకుండా దాచుకుంటుంది. పాతకాలపు ఎండీ5-క్రిప్ట్ హ్యాష్‌లు పొట్టివి, అవి చెక్కు చెదరకుండా వచ్చాయి. అందుకే సగం మందికి పనిచేస్తోంది. "సెలెక్ట్ యూజర్‌నేమ్, లెంత్ ఆఫ్ పాస్‌వర్డ్" అడిగి చూడండి. లాగిన్ కానివాళ్లందరి పొడవూ ఒకే గుండ్రటి అంకె దగ్గర ఆగి ఉంటే అదే సంగతి. గడిని వార్‌చార్ 255 చేసి పాత సర్వర్ నుంచి ఆ ఒక్క నిలువు వరుసను మళ్లీ తెచ్చుకోండి. తెగిన తోకను మాత్రం ఎవరూ తిరిగి అతికించలేరు, ఆ పాత సర్వర్ అద్దె ఇంకో నెల కట్టండి.

పొడవులు బాగానే ఉంటే ఒక్క యూజర్ హ్యాష్‌ను తీసుకుని "డొవ్‌ఆడ్మ్ పీడబ్ల్యూ -టీ" కి ఇవ్వండి. హ్యాష్‌ను సింగిల్ కోట్స్‌లోనే పెట్టాలి, లేదంటే డాలర్ గుర్తులను షెల్ మింగుతుంది. వెరిఫైడ్ వస్తే హ్యాష్ మంచిది. అప్పుడు చూడాల్సింది క్లయింట్‌లో క్రామ్-ఎండీ5, అంటే ఎన్‌క్రిప్టెడ్ పాస్‌వర్డ్ అన్న ఎంపిక. ఆ పద్ధతికి సర్వర్ దగ్గర అసలు పాస్‌వర్డో, దానికోసమే చేసిన హ్యాషో ఉండాలి, ఎస్‌హెచ్‌ఏ512 హ్యాష్‌తో అది ఏనాటికీ కుదరదు. నార్మల్ పాస్‌వర్డ్ అన్నది ఎంచుకుని కనెక్షన్‌కు టీఎల్‌ఎస్ పెట్టడమే సరైనది. పేరు చూసి ఎన్‌క్రిప్టెడ్‌ది మంచిదనుకుంటారు జనం. ఇంకోటి, కొత్త సర్వర్‌లో డొవ్‌కాట్ 2.4 ఉంటే బలహీనమైన పాత హ్యాష్ పద్ధతులను అది మామూలుగా ఒప్పుకోదు. ఆథ్_అలో_వీక్_స్కీమ్స్ తాత్కాలికంగా ఎస్ చేసి, ఆ కొద్దిమందినీ నెమ్మదిగా కొత్త పద్ధతికి మార్చుకోండి.

ప్రశ్న: విత్తనాల దుకాణం. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి జీమెయిల్ ద్వారా బిల్లులు పంపేవాళ్లం. కొత్త కంప్యూటర్‌లో అదే జీమెయిల్ పాస్‌వర్డ్ ఇస్తే 534 అంటోంది. బ్రౌజర్‌లో అదే పాస్‌వర్డ్‌తో తెరుచుకుంటోంది.
– నాగర్‌కర్నూల్

జవాబు: జీమెయిల్ 2022 మే 30 నుంచి మామూలు పాస్‌వర్డ్‌తో బయటి సాఫ్ట్‌వేర్లను రానివ్వడం మానేసింది. మీ పాత కంప్యూటర్‌లో ఎవరో యాప్ పాస్‌వర్డ్ పెట్టి ఉంటారు. గూగుల్ అకౌంట్‌లో రెండంచెల ధ్రువీకరణ ఆన్ చేసి, యాప్ పాస్‌వర్డ్స్ పేజీలో కొత్తది తయారు చేయండి. పదహారు అక్షరాలు, నాలుగేసి చొప్పున విడదీసి చూపిస్తుంది. ఖాళీలు లేకుండా కొట్టండి. సర్వర్ ఎస్‌ఎంటీపీ.జీమెయిల్.కామ్, పోర్టు 587 అయితే స్టార్ట్‌టీఎల్‌ఎస్, 465 అయితే ఎస్‌ఎస్‌ఎల్. ఈ రెండింటినీ తారుమారు చేస్తే లాగిన్ దాకా వెళ్లకుండానే ఊరక తిరుగుతూ ఉంటుంది. రేపు జీమెయిల్ అసలు పాస్‌వర్డ్ మారిస్తే యాప్ పాస్‌వర్డ్ రద్దవుతుంది, ఆ రోజు బిల్లులు మళ్లీ ఆగుతాయి. ఔట్‌లుక్.కామ్ ఐడీకి ఈ చిట్కా పనికిరాదు. అక్కడ 2024 సెప్టెంబర్ నుంచి యాప్ పాస్‌వర్డ్‌తో కూడా రానివ్వట్లేదు, ఓఆథ్ (సాఫ్ట్‌వేర్‌కు పాస్‌వర్డ్ ఇవ్వకుండా అనుమతిచ్చే పద్ధతి) తెలిసిన సాఫ్ట్‌వేరే కావాలి.

ప్రశ్న: సార్, మా ఆఫీసుల కొత్తగ చేరినోళ్లకు నేనే పాస్‌వర్డ్ పెట్టి వాట్సాప్‌ల పంపుత. కొందరికి పనిజేస్తది, కొందరికి ఎంత కొట్టినా రాదు. లాగ్‌ల చూస్తె పాస్‌వర్డ్ మిస్‌మ్యాచ్ అనే ఉంటది. సర్వర్ల ఏం తప్పు లేదు. ఎట్ల?
– నల్లగొండ

జవాబు: ఈ ఒక్క ఉత్తరంలో మాత్రం నిజంగానే పాస్‌వర్డ్ తప్పు. మీరు పెట్టే పాస్‌వర్డ్‌లో ఒక మాటకు అటూ ఇటూ నక్షత్రం గుర్తులు ఉండి ఉంటాయి. వాట్సాప్ దాన్ని లావు అక్షరాలుగా మార్చి నక్షత్రాలను దాచేస్తుంది. అండర్‌స్కోర్ల మధ్య ఉన్నది వాలు అక్షరాలవుతుంది. చూసి కంప్యూటర్‌లో కొట్టేవాళ్లకు ఆ గుర్తులున్నట్టే తెలియదు. కాపీ చేసుకునేవాళ్లు ఇంకోలా తప్పుతారు, మెసేజ్‌లో పాస్‌వర్డ్ పక్కనున్న ఖాళీ కూడా దానితో పాటు వెళ్తుంది. ఫోన్‌లో యూజర్ పేరు కొట్టేటప్పుడు కీబోర్డు మొదటి అక్షరాన్ని పెద్దది చేయడం మరొకటి, దానికి మాత్రం డొవ్‌కాట్‌లో ఆథ్_యూజర్‌నేమ్_ఫార్మాట్ చిన్న అక్షరాలకు మార్చేలా ఉందో లేదో చూసుకోండి. మొదటి పాస్‌వర్డ్‌లో గుర్తులు మానేసి చిన్న అక్షరాలు, అంకెలతో పదహారు అక్షరాలు పెట్టండి. సున్నా, ఓ, ఒకటి, ఎల్ వాడొద్దు. వాట్సాప్‌లో కాకుండా ఫోన్ చేసి చెప్పండి, మొదటి రోజే వాళ్లచేత మార్పించండి.